భార్యను కొట్టే మగవాళ్లతో వారం వారం గ్రూపు నడపడం ఎలా

ఒడిశాలోని బరంపురం నేతవీధుల్లోనైనా, గోపాలపురం ఒడ్డునైనా, పర్లాకిమిడిలోనైనా మొగుడూ పెళ్లాల గొడవ వీధికెక్కితే జరిగేది ఒకటే. రాత్రి అన్నాలయ్యాక పెద్దమనుషులు నలుగురు అరుగు మీద కూర్చుంటారు. అతణ్ణి నాలుగు తిడతారు. "నువ్వూ కాస్త నోరు తగ్గించుకో అమ్మా" అని ఆమెకో మాట చెబుతారు. అతను తల వంచుకుని "ఇక మీదట జరగదు" అంటాడు. టీలు తాగి లేస్తారు. మూడు వారాలకు మళ్లీ అదే అరుగు, అదే టీ.

ఆ అరుగుకు బదులు వేరే ఏదైనా చేద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొట్టే మగవాళ్లనే వారం వారం కూర్చోబెట్టి, చేసిన పని వాళ్ల నోటితోనే చెప్పించి, ఆ అలవాటు మాన్పించే గ్రూపు ఇది. ఇలాంటి పని 1977లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైంది. 1981లో మినసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊళ్లో పుట్టిన పద్ధతిని తర్వాత చాలా చోట్ల అందుకున్నారు. కాలిఫోర్నియాలో భార్యను కొట్టిన కేసులో శిక్షపడి, జైలుకు బదులు ప్రొబేషన్ మీద బయటున్నవాడు 52 వారాల కార్యక్రమానికి వెళ్లి తీరాలి. మనకు అంత ఏర్పాటు లేదు. ఉన్నదాంతోనే చేసుకోవాలి.

నేను రిటైరైన మేస్టారిని. ఇలాంటి ఒక చిన్న గ్రూపులో కొన్నేళ్లుగా కూర్చుంటున్నాను. నేర్చుకున్నదాంట్లో సగం తప్పులు చేసి నేర్చుకున్నదే.

మొదటి పని: ఆడవాళ్ల వైపు ఏర్పాటు

మగవాళ్లను పిలిచే ముందు, వాళ్ల భార్యలతో విడిగా మాట్లాడే ఒక మహిళను కుదుర్చుకోండి. ఆశా దీదీ కావచ్చు, మహిళా సంఘంలో పనిచేసిన మనిషి కావచ్చు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రంలో కౌన్సెలర్ కావచ్చు. ఎవరైనా సరే, ఇక్కడ దీదీ అంటాను. ఆ మనిషి దొరక్కపోతే గ్రూపు మొదలుపెట్టకండి. ఈ విషయంలో మాత్రం నేను సర్దుకుపోను.

ఎందుకంటే ఇంట్లో ఏం జరుగుతోందో మీకు అతను చెప్పడు. ఆమె చెప్పాలి. చెప్పాక ఆమెకు ఏమీ కాకూడదు. ఫోన్ చేసి అడుగుదామంటే చాలా ఇళ్లలో ఫోన్ అతని చేతిలోనే ఉంటుంది. సంఘం మీటింగు రోజో, పిల్లల టీకాల రోజో కలిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆమె చెప్పిన మాట ఒక్కటి కూడా గ్రూపులో అతని ముందు దొర్లకూడదు. "మొన్న ఆదివారం ఏదో అయిందట కదా" అన్నారంటే చాలు, ఎవరు చెప్పారో అతనికి అర్థమైపోతుంది.

నేను మొదట్లో చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పమ్మా, భయపడకు" అన్నాను. ఆమె చెప్పింది. అతను అన్నీ ఒప్పుకున్నాడు. పని జరిగిందని నేను సంబరపడ్డాను. ఆ రాత్రి తలుపు వేశాక ఆ మాటలన్నిటికీ లెక్క ఆమె కట్టింది. నాకు వారం తర్వాత తెలిసింది, అదీ ఆమె చెల్లెలు వచ్చి చెబితే. అప్పటినుంచి జంటలను కలిపి కూర్చోబెట్టడం మానేశాం.

ఇంకో సంగతి. "మా ఆయన క్లాసులకెళ్తున్నాడు" అని విని, పుట్టింటికి వెళ్లిన ఆడవాళ్లు తిరిగొచ్చేస్తారు. అందుకే ఆ దీదీ మొదటి రోజే ఆమెకు స్పష్టంగా చెప్పాలి: అతను మారతాడని మేం మాట ఇవ్వడం లేదు, నువ్వు రావాలో మానాలో దీన్ని చూసి తేల్చుకోకు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసర సాయానికి 112, ఈ రెండు నంబర్లూ ఆమెకు నోటికి వచ్చేలా చేయాలి. కాగితం మీద రాసిస్తే ఆ కాగితం అతనికి దొరుకుతుంది.

రెండో పని: చట్టం ఏమంటోందో చదువుకోండి

లాయరు కానక్కర్లేదు. రెండు ముక్కలు తెలిస్తే చాలు. 2005 గృహహింస చట్టంలోని 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు భర్తను కౌన్సెలింగుకు పంపవచ్చు. ఆ కౌన్సెలింగ్ ఎలా ఉండాలో 2006 నిబంధనల్లో 14వది చెబుతుంది. మనకు కావలసిన అసలు మాట అందులోనే ఉంది: తాను చేసిన హింసకు అతను సాకులు చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి ముందే అతనికి చెప్పాలి. మళ్లీ చేయనని హామీ రాసివ్వాలి. రాజీ ప్రయత్నమంటారా, అది ఆమె కోరుకుంటేనే.

మన పంచాయితీ పెద్దలు చేసేదానికి ఇది పూర్తిగా తలకిందులు. అక్కడ మొదట వినేవి సాకులే. "అన్నం ఆలస్యం చేసింది", "మా అమ్మకు ఎదురు చెప్పింది", "ఫోన్లో ఎవడితోనో మాట్లాడింది".

మీ గ్రూపు కోర్టు పంపింది కాకపోయినా ఈ నియమాన్నే పెట్టుకోండి. ఈ చట్టం కింద ఆడవాళ్లకు సాయం చేసే ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరికి ఒకసారి వెళ్లి, మీరు చేస్తున్న పని చెప్పి రండి. కేసు ఉన్నవాడు గ్రూపుకు వస్తున్నాడని కేసు ఆగదు, ఆపమని ఆమెను ఎవరూ అడగకూడదు. కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చాక దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఇది మొదటి వారమే చెప్పేయండి. బెదిరించే గొంతుతో వద్దు, రైలు టైము చెప్పినట్టు చెప్పండి.

మూడో పని: ఎవర్ని చేర్చుకోకూడదో తేల్చుకోవడం

వచ్చినవాడినల్లా చేర్చుకుంటే ప్రమాదం. ఒక్కొక్కణ్ణి విడిగా కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడండి. అదే వారంలో దీదీ అతని భార్యతో మాట్లాడాలి. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. అతను "ఒకసారి" అన్నది ఆమె లెక్కలో ఎన్నిసార్లో చూస్తే మీకే తెలుస్తుంది.

గొంతు పిసికినవాడు, కిరోసిన్ డబ్బా ఎత్తినవాడు, కత్తి చూపించినవాడు, "నిన్ను చంపి నేనూ చస్తా" అన్నవాడు మన చేతిలో కేసు కాదు. గొంతు పిసకడాన్ని మనవాళ్లు చెంపదెబ్బ పక్కన పెట్టి మాట్లాడతారు, అది పొరపాటు. 2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం, భర్త ఒకసారి గొంతు నులిమిన స్త్రీ తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. అలాంటిది వింటే గ్రూపు సంగతి పక్కనపెట్టి, ముందు ఆమె ఎక్కడ పడుకుంటుందో చూడండి.

నిజంగా మతి చలించినవాళ్లను, ఇరవై నాలుగు గంటలూ తాగి ఉండేవాళ్లను ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. మత్తు మానాలనుకునేవాళ్లకు 14446, మనసు బాగోలేనివాళ్లకు 14416, రెండూ ఉచితమే.

తాగుడు గురించి ఇక్కడే చెప్పేస్తాను. "మందు మానితే అన్నీ సర్దుకుంటాయి" అని అతనూ అంటాడు, అతని తల్లీ అంటుంది, ఒక్కోసారి భార్య కూడా అంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. భర్త తరచూ తాగే ఇళ్లలో 70 శాతం మంది ఆడవాళ్లు దెబ్బలో, లైంగిక హింసో అనుభవించారు. అసలు తాగని భర్తల ఇళ్లలో అది 23 శాతం. తరచూ తాగే ఇళ్లలో అది మూడు రెట్లు, నిజమే. మరి చుక్క ముట్టకుండా కొట్టిన ఆ 23 శాతం సంగతేమిటి? మందు మాన్పించే పని వేరు, ఈ పని వేరు. రెండూ పక్కపక్కనే సాగాలి.

నాలుగో పని: చోటు, వేళ, మనుషులు

గుడి అరుగు వద్దు, కులసంఘం హాలు అసలే వద్దు. అక్కడ కూర్చోగానే అందరికీ పంచాయితీ గుర్తొస్తుంది. బడి గది దొరికితే మంచిది. ఎనిమిది మంది నుంచి పన్నెండు మంది దాకా చాలు. గంటన్నర. నడిపేవాళ్లు ఇద్దరుండాలి, ఒక మగ, ఒక ఆడ. ఆమె మాట్లాడుతుంటే వాళ్లు మధ్యలో ఎన్నిసార్లు అడ్డొస్తారో లెక్కపెట్టి వాళ్లకే చెప్పండి. అదొక పాఠం, పుస్తకం అక్కర్లేదు.

వేళ మాత్రం ఊరిని బట్టి. సముద్రం మీద మరపడవలతో బతికే వాడబలిజలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డున, మగవాళ్లు ఇంట్లో, చేతిలో డబ్బు ఉండదు. గ్రూపు మొదలుపెట్టడానికి అంతకంటే మంచి కాలం లేదు, ఆడవాళ్లను మరింత కనిపెట్టుకుని ఉండాల్సిన కాలమూ అదే. బరంపురంలో ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో ఒక్కడూ రాడు. ఆ వారాలు వదిలేయండి.

సూరత్ మగ్గాలకు వెళ్లినవాళ్లది వేరే తలనొప్పి. అక్కడి మెస్ గదుల్లో షిఫ్టుల ప్రకారం పడుకుంటారు, ఫోన్లో మనసు విప్పి మాట్లాడే చోటే ఉండదు. ఫోన్ గ్రూపు మేం ప్రయత్నించి వదిలేశాం. సెలవుకు వచ్చే ముందు ఒక ఫోను, వచ్చాక ఉన్నన్నాళ్లూ వారానికి రెండుసార్లు కూర్చోవడం, అంతవరకే చేయగలిగాం. అయితే దూరంగా ఉన్నాడు కదా, హింస లేదనుకోకండి. వీడియో కాల్ చేసి "ఇల్లంతా తిప్పి చూపించు, మంచం కింద చూపించు" అనే భర్తలున్నారు. డబ్బు భార్యకు కాకుండా తమ్ముడికి పంపి, బియ్యానికి కూడా ఆమె మరిది ముందు చెయ్యి చాపేలా చేసేవాళ్లున్నారు. చట్టం 3వ సెక్షన్ వీటినీ హింస కిందే లెక్కేస్తుంది.

ఐదో పని: మొదటి రోజు కాగితం

సంతకం పెట్టించే కాగితం పొడుగ్గా ఉండకూడదు. మా దగ్గర ఉన్నది ఇంతే:

"నేను నా భార్య మీద చెయ్యెత్తాను. మళ్లీ ఎత్తను. నేను ఇక్కడ చెప్పిన మాటల గురించి వీళ్లు ఆమెను అడగరు, ఆమె ఏం చెప్పిందని నేనూ అడగను. ఆమె ప్రాణానికి గానీ పిల్లలకు గానీ ప్రమాదమనిపిస్తే వీళ్లు థానాకు చెబుతారు, అది నాకు తెలుసు. మూడు వారాలు రాకపోతే నా పేరు కొట్టేస్తారు, ఆ సంగతి ఆమెకు తెలియజేస్తారు."

ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో ఒడియా చదివినవాళ్లే ఇప్పుడు మన వీధుల్లో ఎక్కువ. తెలుగు కాగితం ఇస్తే చదవలేరు, ఒడియాలో ఇస్తే ఆఫీసు కాగితంలా చూసి చదవకుండానే సంతకం పెట్టేస్తారు. కాబట్టి పైకి చదివి వినిపించండి. తర్వాత అతని చేత తిరిగి చెప్పించండి.

ఆరో పని: మాట మార్పించడం

గ్రూపులో అసలు పని ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

తెలుగులో కొట్టినవాడు దాక్కోవడానికి బోలెడు చోట్లున్నాయి. "చెయ్యి జారింది." "దెబ్బ తగిలింది." "మాటా మాటా పెరిగింది." "కోపం వచ్చేసింది." ఇందులో ఎక్కడా "నేను" లేదు. చెయ్యి దానంతటదే జారుతుంది, దెబ్బ ఎక్కడినుంచో వచ్చి తగులుతుంది, కోపం చుట్టంలా వచ్చిపోతుంది. "చెయ్యి చేసుకున్నాను" అన్నప్పుడు మనిషి కాస్త కనపడతాడు, కానీ దెబ్బ మాయమవుతుంది. నల్లబల్ల ఉంటే ఈ వాక్యాలన్నీ రాయండి. ఒక్కొక్కటీ "నేను"తో మొదలయ్యేలా, "కొట్టాను"తో ముగిసేలా వాళ్ల చేతే మార్పించండి. వినడానికి పిల్లల వ్యాకరణంలా ఉంటుంది. నలభై ఏళ్ల మగవాడికి ఆ ఒక్క వాక్యం పలకడానికి మూడు వారాలు పట్టడం చూశాను.

మొదటి వారాల్లో ఎవడో ఒకడు తప్పకుండా సామెత ఎత్తుకుంటాడు: మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్వు ఆగాక ఒక్కటే అడగండి: "ఇందులో కొట్టినవాడు ఏమయ్యాడు?" తోడికోడలి మీద కథ నడుస్తోంది, కొట్టినవాడి ఊసే లేదు.

తర్వాత జరిగినదాన్ని నిమిషం నిమిషం చెప్పించాలి. ఒక రోజు ఇలా నడిచింది. మగ్గం మీద పనిచేసే మనిషి, ముప్పై అయిదుంటాయి.

"నానేటి కావాలని కొట్టినానా మేస్టారూ. ఒళ్లు తెలీలేదు. సెయ్యి తగిలిపోనాది."

"ఆమె ఎక్కడ నిలబడింది?"

"పొయ్యి దగ్గర."

"నువ్వు?"

"గుమ్మం దగ్గర."

"గుమ్మం నుంచి పొయ్యికి ఎన్ని అడుగులు?"

కాసేపు ఆలోచించాడు. "అయిదారు ఉంటాయి."

"తలుపు?"

"ఏసినాను." ఈసారి గొంతు తగ్గింది.

"గడియ?"

మాట్లాడలేదు. పక్కనున్నవాడు అతని మొహం చూడకుండా నేల చూస్తున్నాడు. అప్పుడు మాతో నడిపే ఆవిడ అడిగింది, మధ్యలో ఏమైనా ఆగావా అని. ఆగాడట. సేఠ్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "ఆ బాబూ, రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను బాబూ" అని మెత్తగా చెప్పి ఫోన్ పెట్టేసి, మళ్లీ కొట్టాడు.

ఒళ్లు తెలియనివాడు గడియ వేయడు, సేఠ్‌ను బాబూ అనడు. ఈ ముక్క మీరు చెప్పకండి. అతను చెప్పిందే మళ్లీ అతనికి వరసగా వినిపించి ఊరుకోండి. అతను వారం తర్వాత వచ్చి తనే చెప్పాడు. నేను ముందే ఉపన్యాసం ఇచ్చి ఉంటే అది నా మాటే అయ్యేది.

కొందరు ఇక్కడ ఏడుస్తారు. ఏడిస్తే నీళ్లివ్వండి, ఓదార్చకండి. ఆ కన్నీళ్లలో సగం తన మీద తనకు జాలి. ఇంటికెళ్లి భార్య ముందూ అలాగే ఏడిస్తే, చివరకు దెబ్బలు తిన్న మనిషే అతణ్ణి ఊరడించాల్సి వస్తుంది.

ఏడో పని: ఇంట్లో చేయాల్సింది నేర్పడం

ఒళ్లు వేడెక్కినప్పుడు బయటికి వెళ్లిపోవడం చాలా గ్రూపుల్లో నేర్పుతారు. తేలిగ్గా కనిపిస్తుంది గానీ తప్పుగా నేర్పితే ఇదే కొత్త ఆయుధమవుతుంది. ముందుగా, ఇల్లు నిమ్మళంగా ఉన్న రోజున భార్యకు చెప్పాలి: "నాకు కోపం ముదురుతోందనిపిస్తే బయటికెళ్తాను, గంటలో వస్తాను." నడిచే వెళ్లాలి, బండి తీయకూడదు. మందు కొట్టు ఉన్న వైపు వెళ్లకూడదు. దారిలో తల్లికో అక్కకో ఫోన్ చేసి భార్య మీద చాడీలు చెప్పకూడదు. గంటలోపు తిరిగి రావాలి. వచ్చి "నీ వల్లే వీధిన పడ్డాను" అనకూడదు. డబ్బు అడిగినప్పుడల్లా "నాకు కోపం వస్తోంది" అని చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు ఒకడుండేవాడు. అది తప్పించుకోవడం. ఆ మాట అతనితో అన్నాం.

కోపం ముదురుతోందని ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కడికీ ఒక్కో గుర్తు. చెవులు వేడెక్కుతాయి, పళ్లు బిగుసుకుంటాయి. మాటలోనూ తెలుస్తుంది. మన వైపు "ఒలే" అని ముద్దుకూ పిలుస్తారు, కొట్టబోయే ముందూ పిలుస్తారు. రెండింటి తేడా అతనికి తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఆ రెండో "ఒలే" నాలుక చివరికి రాగానే చెప్పులేసుకోమనండి.

పిల్లల గురించి ఒక వారం కేటాయించండి. "మీ నాన్న మీ అమ్మను కొడుతుంటే నువ్వెక్కడ దాక్కునేవాడివి?" అని అడిగితే దాదాపు ప్రతివాడికీ ఒక చోటు గుర్తొస్తుంది. తర్వాత "ఇప్పుడు మీ పిల్ల ఎక్కడ దాక్కుంటోంది?" అని అడగండి. ఎక్కువ మాట్లాడక్కర్లేదు.

ఎనిమిదో పని: మార్పును కొలవడం

అతన్ని అడిగి కొలవకండి. "నెలన్నరగా చెయ్యెత్తలేదు మేస్టారూ" అంటాడు, నిజమే కావచ్చు. దీదీ ఆమెను అడగాల్సినవి వేరే: అతను ఇంటికొచ్చే వేళకు నీకు గుండె దడ ఉందా? నీ సంఘం డబ్బు నీ దగ్గరే ఉందా? పుట్టింటికి వెళ్తానంటే ఏమన్నాడు? కొట్టడం మానేసి గోడను గుద్దుతున్నాడా, అన్నం కంచం విసురుతున్నాడా? గ్రూపులో నేర్చుకున్న మాటలను ఆమె మీదే వాడుతున్నాడా? "నువ్వే నన్ను హింసిస్తున్నావు, మేస్టారు చెప్పారు" అని నా పేరు వాడుకున్నవాడూ ఉన్నాడు.

ఎంత ఆశించవచ్చు అంటే, తేలిగ్గా చెప్పలేం. 2004లో 22 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో ఈ కార్యక్రమాల ప్రభావం చిన్నదేనని తేలింది. 2015లో బ్రిటన్ నుంచి వచ్చిన మిరబాల్ అధ్యయనంలో, భర్త చెంపదెబ్బ కొట్టడమో నెట్టడమో ఏదైనా విసరడమో చేశాడన్న ఆడవాళ్లు కార్యక్రమానికి ముందు 87 శాతం ఉంటే తర్వాత 7 శాతానికి తగ్గారు. అక్కడి కార్యక్రమాల్లో ఆడవాళ్లకు తోడుగా ఒక మనిషి తప్పనిసరిగా ఉండేది. అందుకే మొదటి పని గురించి అంత గట్టిగా చెప్పాను. మా దగ్గర చేరినవాళ్లలో సగం మంది చివరిదాకా ఉండరు. మానేసినవాడి ఇంటికి ఆ వారమే దీదీ వెళ్లాలి.

ఆరు నెలలకు తక్కువ పెట్టుకోకండి. రెండో నెలలో అందరూ మారిపోయినట్టే ఉంటారు. నాలుగో నెలలో అసలు మనిషి బయటపడతాడు.

చివరి పని: సర్టిఫికెట్

కేసు వాయిదాకు వారం ముందు అతనో, అతని లాయరో వస్తారు. "సార్, మావాడు బాగా మారాడని ఒక కాగితం రాసివ్వండి." అప్పటికి అతనితో నెలల పరిచయం ఉంటుంది, ఇంట్లో పెళ్లికి కూడా పిలిచి ఉంటాడు, కాదనడానికి మొహమాటం అడ్డొస్తుంది. రాయండి, కానీ ఇంతే రాయండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా 24 సార్లు కూర్చున్నాం, ఇతను 17 సార్లు వచ్చాడు. కింద సంతకం, తేదీ. "మారాడు" అనే మాట మీ కలం నుంచి రాకూడదు. లాయరు ఇంకో వాక్యం కలపమంటే, ఆ సంగతి ఆమెను అడగమని చెప్పి పంపేయండి.